సైనిక్‌పురి మైదానంలో మాయమైన కుర్చీలు

ఒక మనిషి ఒక్క రోజులో ఎంతమంది చేత తిట్లు తినగలడో తెలుసుకోవాలని ఉంటే, ఈ ముచ్చటను హాయిగా కూర్చుని చదవండి. కూర్చుని అని ఎందుకు అంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. కొన్నేళ్ళ కింద సైనిక్‌పురిలో ఒక మైదానం నిండా ఉన్న జనాన్ని, ఒక రిటైర్డు కల్నల్‌గారితో సహా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబెట్టిన ఘనుణ్ణి నేనే. అదీ తెలియక చేసిన పని కాదు. పుస్తకాలు చదివి మరీ చేశాను.

నా చదువు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇంటర్ సగంలో ఆగింది. ఏ.ఎస్. రావు నగర్‌లో కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరాను. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే, కిటికీ పక్క కుర్చీలో. ఆ కుర్చీకి ఒక చెయ్యి విరిగి ఉంటుంది కాబట్టి ఎవరూ పోటీకి రారు. అందులో కూర్చుని నేను తేనెటీగల పెంపకం చదివాను, ఓడల నిర్మాణం చదివాను. సికింద్రాబాద్‌లో ఓడ కట్టాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు గానీ, వస్తే మాత్రం కంగారు పడను.

అలాంటి రోజుల్లో మా కృపక్క పరుగు మొదలుపెట్టింది. అక్క బడిలో లెక్కల టీచరు. బావ రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేస్తాడు. మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉంటారు. అక్క మొదట బరువు తగ్గడానికి నడిచింది. తర్వాత పరిగెత్తింది. ఆ తర్వాత ఆగడమే మరిచిపోయింది. మనమంతా బస్సెక్కి, కండక్టరుతో చిల్లర కోసం గొడవపడి, చెమటలు కక్కుతూ దిగే దూరాలను ఆవిడ ఆదివారం చర్చిలో ఆరాధనకు ముందు పరిగెత్తి వచ్చి, స్నానం చేసి, ఏమీ ఎరగనట్టు పాటల పుస్తకం పట్టుకుని కూర్చునేది.

సైనిక్‌పురిలో ఒక పరుగు బృందం ఏటా పందెం పెడుతుంది. తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఒకే మైదానం చుట్టూ తిరగడం. గమ్యం లేదు, గీత లేదు. సాయంత్రం పందెం నడిపే కల్నల్‌గారు విజిల్ ఊదేసరికి ఎవరి కాళ్ళు ఇంకా కదులుతుంటే వాళ్ళకు పతకం. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్క ఎండ మండే వేళ "రెండు నిమిషాలు" అంటూ కుర్చీలో కూర్చుంది. విజిల్ మోగాక లేచింది.

మరుసటి ఏడు పందెం దగ్గర పడుతుండగా నన్ను పిలిచింది.

"కాళ్ళు ఆగలేదురా శామూ. నేనే ఆగిన. గది నన్ను నిద్ర పోనిస్తలేదు."

"ఈసారి నేనున్నా కదక్కా."

"అందుకే పిలిచిన. నేను ఏడ్చినా, నిన్ను తిట్టినా, నన్ను కుర్చీల కూలబడనియ్యకు. విజిల్ నిలబడి ఇనాలె నేను."

అంతే. నేను కోచ్‌నైపోయాను. గ్రంథాలయంలో దూరపు పరుగుల మీద దొరికినవన్నీ, ఇంగ్లీషువైతే నిఘంటువు పక్కన పెట్టుకుని, నమిలి మింగాను. అన్నిటి సారం నాకు ఒకటిగానే తోచింది. కాళ్ళకంటే ముందు మనసు చేతులెత్తేస్తుంది. మనిషి లోపల ఒక వకీలు ఉంటాడు. అలసట ఫీజు అందగానే వాదన షురూ చేస్తాడు. వాడి మొదటి కోరిక ఎప్పుడూ ఒకటే: కుర్చీ.

శిక్షణ ఇలా సాగేది. మౌలాలి నుంచి అక్క పరిగెత్తేది. పక్కనే నేను బావ స్కూటర్ మీద జ్ఞానబోధ చేసుకుంటూ వెళ్ళేవాణ్ణి.

"అక్కా, నొప్పి అనేది ఒక అభిప్రాయం మాత్రమే!"

"గట్లనా? అయితే స్కూటర్ దిగి నా పక్కన ఉరుకు. నీకు సుత ఒక అభిప్రాయం వస్తది."

నేను దిగలేదు. కోచ్‌లు దూరం నుంచి చూడాలని ఎక్కడో చదివినట్టు గుర్తు.

పందెం రోజు చీకటి విడకముందే మైదానానికి చేరాను. తల మీద నిర్వాహకుల టోపీ కూడా ఉంది. అడిగితే ఇచ్చారు, వాళ్ళకేం తెలుసు పాపం. షామియానా లేచింది. దాని కింద తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు గోపురాల్లా నిలబడ్డాయి. వాటిని చూస్తే నాకు శత్రు సైన్యాన్ని చూసినట్టయింది. ఒక్క కుర్చీ చాలదా అక్కను కూల్చడానికి? ఇక్కడ దండే దిగింది!

టెంట్ హౌస్ ట్రాలీ ఆటో ఇంకా గేటు దగ్గరే ఉంది.

"అన్నా, ఈ కుర్చీలన్నీ ఎక్కించు. మౌలాలిలో మా చర్చికి పంపాలి."

"అన్నీనా? మరి గీడ పబ్లిక్ ఏడ కూసుంటరన్నా?"

"కూర్చునేవాళ్ళు ఇంట్లోనే ఉండాలి. ఇది పరుగు పందెం."

"జెర రెండు సుత ఉంచుకోవా?"

"ఒక్కటీ వద్దు."

అతను నా టోపీ చూశాడు, తల ఊపాడు. కుర్చీలు వెళ్ళిపోయాయి. అడవిలో దారి చూపినవాడిలా ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

పరుగు మొదలైంది. ఎండతో పాటు అల్లరీ పెరిగింది. మనవరాలి పరుగు చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడ బ్యానరు కర్ర పట్టుకుని వేలాడింది. చుట్లు లెక్కపెట్టే ఆవిడ కొంగలా ఒంటికాలు మార్చుకుంటూ నిలబడింది. కల్నల్‌గారు షామియానా కింద ఈ చివర నుంచి ఆ చివరకు కవాతు చేస్తూ గర్జించారు.

"కుర్చీలు కిధర్ గయే? ఎవడు తీయించిండు?"

నేను అరటిపళ్ళు లెక్కపెట్టడంలో మునిగిపోయాను.

బావ దగ్గరికి వచ్చాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా ముఖం చూస్తే చాలు, పార్సిల్‌లో ఏముందో పసిగట్టేస్తాడు.

"బామ్మర్దీ, గీ పని నీదేనా?"

"అక్క కోసమే బావా. పుస్తకంలో..."

"పుస్తకం గీడికి తేరా, దాని మీద కూసుంటా."

మధ్యాహ్నం అయింది. మైదానం పెనంలా కాలుతోంది. అయినా తిరుగుతూనే ఉన్నారు వాళ్ళు. అప్పటిదాకా నేను సిద్ధాంతాల హడావిడిలో ఉన్నాను గానీ, ఒక క్షణం నోరు మూసుకుని చూస్తే ఒళ్ళు జలదరించింది. ఎవరూ తరమడం లేదు. ఎక్కడికీ చేరేది లేదు. వచ్చిన చోటికే మళ్ళీ వస్తున్నారు, మళ్ళీ వెళ్తున్నారు. పెదవుల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది.

అప్పుడు అక్క కుంటుతూ షామియానా వైపు తిరిగింది.

"శామూ, కుర్చీ."

ఇదే ఆ ఘడియ! ఎన్ని పుటలు తిరగేశాను దీనికోసం!

"లేదక్కా!" అన్నాను విజయగర్వంతో.

"లేదేందిరా? కుర్చీ ఇయ్యి."

"మౌలాలిలో ఉన్నాయి. అన్నీ. అడిగేది నువ్వు కాదు, నీ లోపలి వకీలు!"

అక్క నన్ను చూసిన చూపుకు నా టోపీ దానంతట అదే కిందికి జారింది.

"ఒరేయ్ వకీలు లేడు, గికీలు లేడు. సాక్సు ముడతపడి కాలు పుండైంది. సాక్సు మార్చుకోవాలె. ఒక్క నిమిషం కూసుంటే చాలు."

"నేల మీద కూర్చో మరి."

"నేల మీద కూసుంటే మళ్ళ లేస్తనా? తొడలు కట్టెలైనయ్. మోకాలు గింత సుత వంగుతలేదు. కుర్చీ ఎత్తు కావాలెరా!"

నిజం చెబుతున్నాను, నేను చదివిన ఏ పుస్తకంలోనూ కుర్చీ ఎత్తు గురించి లేదు. ఉన్నా, ఆ పుట నేను తిప్పేసి ఉంటాను. ఏ స్కూటర్ మీదో కూర్చోబెడదామంటే బళ్ళు గేటు బయట ఉన్నాయి, పరిగెత్తేవాళ్ళు గేటు దాటితే పందెం పోయినట్టే. తినుబండారాలు పెట్టిన బల్లకు ఆనుకోమన్నాను. అక్క ఆనుకుంది. మడత బల్ల తన పేరు నిలబెట్టుకుంది. అరటిపళ్ళు, ఉడికించిన ఆలుగడ్డలు, మజ్జిగ అన్నీ నా చెప్పుల మీద పడ్డాయి.

బావ చర్చికి ఫోన్ చేశాడు. పాస్టరమ్మగారి గొంతు మాదాకా వినిపించింది.

"ఆ కుర్చీలా! ఇవాళ స్త్రీల ఉపవాస ప్రార్థన కదా బాబూ, సాయంత్రం దాకా. పెద్దవాళ్ళు చాపల మీద మోకాళ్ళ నొప్పులతో తక్లీఫ్ పడుతుంటే దేవుడే పంపించిండు. పంపిన బిడ్డ కోసం ఇప్పుడే ప్రార్థన చేస్తున్నం."

"ఇప్పుడు వాళ్ళని లేపమంటవా బామ్మర్దీ?" అన్నాడు బావ ఫోన్ మూసి.

ఈలోగా కల్నల్‌గారు వచ్చి మజ్జిగలో నిలబడ్డ నన్ను, కాలు ఎత్తి నిలబడ్డ అక్కను చూశారు. సైన్యంలో పనిచేసినవాళ్ళకు తీర్పు చెప్పడానికి ఎక్కువ సేపు పట్టదు.

"కుర్చీలు పంపింది నువ్వేనా?"

"అవును సార్. పుస్తకాల్లో..."

"బహుత్ అచ్ఛా. అయితే కుర్చీ నువ్వే బన్‌జా. డౌన్!"

నేను డౌన్ అయ్యాను. రెండు చేతులు, రెండు మోకాళ్ళు, నాలుగు కాళ్ళు సరిపోయాయి. మా అక్క, చిన్నప్పుడు నన్ను వీపున మోసిన మా అక్క, నా వీపు మీద కూర్చుంది. బావ సాక్సు మార్చాడు, పుండుకు గుడ్డ చుట్టాడు, బూటు లేసును పార్సిల్‌కు కట్టినట్టు అడ్డంగా, నిలువుగా బిగించి కట్టాడు. ఆ ముడి ఢిల్లీ దాకా ఊడదు. అక్క లేచి మళ్ళీ పరుగందుకుంది. హమ్మయ్య అనుకుని లేవబోయాను.

"అన్నా, జెర ఖాళీనా?" అని ఎవరో అడిగారు.

అంతే, ఆ మధ్యాహ్నమంతా నేను ఖాళీ లేను. మైదానం మొత్తానికి ఒకే ఒక్క కుర్చీ. ఒకాయన కూర్చునే ముందు "మాఫ్ కర్నా బేటా" అని మన్నింపు కోరాడు. ఇంకొకతను ఎత్తు కొంచెం తక్కువైందన్నాడు. నేను సర్దుకున్నాను.

నవ్వుతున్నారు కదూ? నవ్వండి. కానీ ఒకటి చెప్పాలి. కుర్చీకి పాదాలు తప్ప ఏమీ కనబడవు. దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు, నెత్తురు ఇంకిన సాక్సులు, బూటు ముందు భాగం కోసేసి బయటకు తీసిన బొటనవేళ్ళు. వచ్చి కూర్చున్న మనిషి మొదట బియ్యం బస్తాలా బరువంతా వదిలేస్తాడు. ఊపిరి నా వెన్నులో ఎగసిపడుతుంది. తర్వాత ఒక్కసారిగా ఏ కదలికా ఉండదు. ఆ నిశ్శబ్దంలో లోపల వాదన నడుస్తోందని నాకు తెలిసేది. ఇక ఈ మనిషి లేవడు అనుకునేవాణ్ణి. అప్పుడు మడమలు నేలను వెతుక్కునేవి. నా వీపు తేలికయ్యేది. ప్రతిసారీ! ఒక మనిషి లేవాలని నిర్ణయించుకునే క్షణం ఎలా ఉంటుందో నేను పుటల్లో ఎన్నోసార్లు చదివాను. అది వెన్నెముకకు ఎలా తెలుస్తుందో ఆ రోజే చూశాను. మజ్జిగ వాసన కొడుతూ, నాలుగు కాళ్ళ మీద, నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. కానీ చేతులు ఖాళీ లేవు.

చుట్టు చుట్టుకూ ఆ పార్సిల్ ముడి నా కళ్ళ ముందు నుంచి వెళ్ళేది. వెళ్తుంటే ధైర్యం. నీడలు పొడవయ్యాయి. ముడి నెమ్మదించింది. ఒక చుట్టులో చాలా ఆలస్యంగా వచ్చి, నా ముందే ఆగింది.

ఈసారి సాక్సు కోసం కాదు. ఆ బరువు పడ్డ తీరులోనే తెలిసిపోయింది.

"అయిపోయిందిరా శామూ," అంది అక్క. "ఇగ నా వల్ల గాదు. పోయినసారి లెక్కనే."

ఇంకెంతో సేపు లేదు విజిల్‌కు. ఈ ఘడియ కోసం నేను పెద్ద ఉపన్యాసం బట్టీపట్టాను. అందులో సముద్రం ఉంది, శిఖరం ఉంది, సూర్యోదయం ఉంది. నోరు తెరిచాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు. గుర్తొచ్చిందల్లా ఒకటే.

"అక్కా... లేవే. నా నడుం ఇరిగిపోతుంది."

పైన ఏ కదలికా లేదు. తర్వాత నా వీపు వణకడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. అక్క బడిలో పిల్లలెవరూ ఎన్నడూ విని ఉండని నవ్వు.

"నిన్ను చంపితే అమ్మకు ఏం జెప్పాలెరా," అంది. మడమలు నేలను వెతుక్కున్నాయి. నా వీపు తేలికయింది.

విజిల్ మోగినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. పాదాల గుంపులో వెతికాను. పార్సిల్ ముడి ఇంకా కదులుతూనే ఉంది. విజిల్ పూర్తిగా ఆగాక, అప్పుడు ఆగింది.

సరిగ్గా అదే సమయానికి ట్రాలీ ఆటో కుర్చీలతో తిరిగొచ్చింది. అందరూ కూర్చున్నారు. మైదానంలో కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది నేనొక్కణ్ణే. నడుము పట్టేసి, చిన్న పిల్లవాడు గీసిన గొడుగు పిడిలా ఉండిపోయాను. రోజంతా పరిగెత్తిన అక్క మెడలో పతకంతో నిటారుగా నడిచి వస్తుంటే, ఒక్క అడుగు కూడా పరిగెత్తని నన్ను బావ, ఇంకో ఇద్దరు మోసుకెళ్ళి ఆటోలో పడేశారు.

"ఉరికింది మీ అక్కనా, నువ్వా?" అన్నాడు బావ.

కల్నల్‌గారు ఆటోలోకి తొంగి చూశారు. "ఈసారి కుర్చీ దగ్గర ఒక్కడు సుత పందెం వదిలిపెట్టలే. వచ్చే ఏడు ఇదే కుర్చీ కావాలె."

ఆదివారం చర్చిలో పాస్టరుగారు, పేరు చెప్పకుండా కుర్చీలు పంపిన సహోదరునికి వందనాలు తెలిపారు. మా నడుములకు విశ్రాంతి ఇచ్చిన ఆ బిడ్డ నడుమును దేవుడు కాచుగాక అని ఒక ముసలమ్మ ప్రార్థించింది. సంఘమంతా ఆమెన్ అంది. నేను వెనక వరసలో, గోడకు ఆనుకుని వంకరగా నిలబడి, అందరికంటే గట్టిగా అన్నాను.

నడుము కుదుటపడ్డాక గ్రంథాలయానికి వెళ్ళాను. కిటికీ పక్క కుర్చీ నా కోసమే ఉంది. దాని విరిగిన చేతి మీద నా చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఏ పుస్తకం ఎంత గొప్పగా చెప్పినా, ఇకపై ఏ మనిషి కింద నుంచీ కుర్చీ లాగను, లాగాల్సే వస్తే, ముందు దాని ఎత్తు కొలుస్తాను. ప్రమాణం ముగించి, కూర్చునే ముందు అలవాటు లేని పని ఒకటి చేశాను.

"మాఫ్ కర్నా బేటా," అన్నాను.