మునిరత్నమ్మ నాలుక

మా వీధిలో ఎవరింట్లో మామిడికాయ ఊరగాయ పెట్టినా మొదటి ముక్క మునిరత్నమ్మకే. నమిలి, కండ్లు మూసుకుని, "ఇది రెండేండ్లు నిలుస్తాదక్కా" అనో, "ఇది శ్రావణానికే బూజు పడతాది" అనో చెప్పేది. ఒక్కసారీ తప్పలేదు.

చిక్కబళ్ళాపురం అవతల ఒక వైన్ ఫ్యాక్టరీలో ఆమె గ్లాసులు కడిగేది. మొగుడు దేవరాజ్ మొదటిరోజే చెప్పినాడు: "కడుగు. నోట్లో చుక్క పడిందని తెలిస్తే చూసుకో." ఆయన మాత్రం దినామూ క్వార్టర్ వేసుకునే ఇంటికొచ్చేది.

మొన్న మార్చిలో, అక్కడ రుచి చూసే ఆశ మేడం ఫ్రాన్సులోని బోర్డో సీమ నుంచి వచ్చిన రెండేండ్ల ఎర్ర వైన్ తెరిచింది. ఈమె ఊరగాయల సంగతి వినిందంట. "ఇది ఎన్నేళ్ళు దాచిపెట్టొచ్చో చూసి చెప్పమ్మా. సరిగ్గా చెప్తే రేపటినుంచి నా పక్కనే పని. కడిగేది లేదు."

మునిరత్నమ్మ ఒక గుక్క నోరంతా తిప్పి, రుచి చూసేవాళ్ళు ఉమ్మేసే బకెట్లో ఉమ్మేసింది.

"పచ్చి నేరేడు తిన్నట్టు చిగుళ్ళు పట్టేస్తాండాది మేడం. ఒగరు, పులుపు, వాటి వెనక మంచి పండు. ఉమ్మేసినా రుచి నోరు వదల్లేదు చూడండి. పదైదేండ్లు పెడితే ఒగరు మెత్తబడి బంగారమైతాది."

మేడం తను రాసుకున్న కాగితం తిప్పి చూపించింది. పదైదే.

ఆ సాయంత్రం మునిరత్నమ్మ బస్సు దిగి నేరుగా నా గడప దగ్గరికొచ్చి, గుసగుసగా చెప్పింది. నవ్వితే పండ్లు నల్లగా ఉండాయి. "ఎంత పుక్కిలించినా పోలేదక్కా. పాతదైతే రంగు ఇంత అంటుకోదంట. ఇది లేతది గదా."

నాకు చూడకుండా ఉండేదానికైతుందా? "యాడ, నాలుక చాపు" అంటిని. చాపింది. "అయ్యో, ఎంత నీలంగా ఉండాదే!" అనేస్తిని. నా గొంతు వీధంతటికీ తెలిసిందే.

కొళాయి దగ్గర కెంపమ్మ నవ్వింది. "ఇంక మొగుడికీ పెండ్లానికీ ఒకటే గ్లాసు!"

మలుపు తిరిగొస్తాండిన దేవరాజ్ కూడా విన్నాడు. దగ్గరికొచ్చి ఆమె నోరు వాసన చూసినాడు.

"మింగలేదు, ఉమ్మేస్తిని, దేవుని తోడు."

"ఉమ్మేస్తే వాసనెట్లొస్తాది?"

లోపలికి లాక్కుపోయినాడు. పొయ్యి మీద గరిటె కాల్చినాడు. "నాలుక చాపు" అన్నాడు. ఆ అరుపు విని వీధంతా బయటికొచ్చింది. ఎవరమూ తలుపు తట్టలేదు.

నెల తర్వాత మేడం మళ్ళీ గ్లాసిచ్చిందంట. మునిరత్నమ్మ చానాసేపు తిప్పి ఉమ్మేసిందంట.

"ఏముంది చెప్పమ్మా?"

"తడిగా ఉండాది మేడం."

ఇప్పుడు గ్లాసులే కడుగుతాండాది. దేవరాజ్ నోరు వాసన చూసేది మానేసినాడు.