సీసా కంటే ముందు కాగితం

నిన్న పొద్దున స్టాఫ్ రూమ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. సరోజక్క ఇక లేదట.

"ఏ సరోజక్క?" అని అడిగాను. నాకు తెలిసిన సరోజక్క ఒక్కతే. అయినా అడిగాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందని వాళ్ల తమ్ముడు చెప్పాడు. మొన్న సాయంత్రం గేటు దగ్గర నాతో మాట్లాడి బస్సెక్కిన మనిషి.

ఈ గ్రూపులో మీ అందరికీ చెప్పాలని రాస్తున్నాను. టైపింగ్‌లో తప్పులుంటే క్షమించండి.

మా స్కూల్లో చదివినవాళ్లకు ఆమె ఎవరో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు: మా కెమిస్ట్రీ టీచర్. తొంభైల్లో నేను అనంతపురం నుంచి వచ్చి బయాలజీ టీచర్‌గా చేరేనాటికే అక్కడ ఉంది. వాళ్లది తరాలుగా ఈ బెంగళూరే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, కోపమొస్తే రెండూ.

అంత భయస్తురాలిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ల్యాబ్‌కు తాళం వేసి గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి మూతలన్నీ చూసుకునేది. పిల్లలు "భయం మేడమ్" అని పేరు పెట్టారు. ఆమెకు తెలుసు. నవ్వి ఊరుకునేది.

వాళ్ల తమ్ముడు ఊరి అవతల జిగణిలో పెయింట్ ఫ్యాక్టరీలో చేసేవాడు. అక్కడ ప్రతి డ్రమ్ముకూ ఒక సేఫ్టీ షీట్ ఉంటుందని ఒకసారి చూసి వచ్చింది. లోపల ఏముంది, ఒంటి మీద పడితే ఏం చెయ్యాలి, మంటలొస్తే దేనితో ఆర్పాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. మరి స్కూల్లో పిల్లల ముందు పెట్టే సీసాలకు ఎందుకు లేవని పట్టుకుంది.

బళేపేట బజార్లో మాకు కెమికల్స్ ఇచ్చే షాపాయన, "ఇన్నేండ్లలో కాగితం అడిగినోళ్లు లేరు మేడమ్" అన్నాడట.

"ఇప్పుడు నేను అడుగుతా ఉండాను కదప్పా" అని అక్కడే స్టూల్ మీద కూర్చుందట. సైబర్ కేఫ్‌లు వచ్చాక తనే వెతికి ప్రింట్‌లు తెచ్చుకునేది.

ల్యాబ్ నుంచి ఏ సీసా క్లాసుకు వెళ్లినా ముందు దాని షీట్ వెళ్లాలి. ఒక స్టూడెంట్ లేచి, కళ్లల్లో పడితే ఏం చెయ్యాలో గట్టిగా చదవాలి. తర్వాతే మూత తీసేది. సగం పీరియడ్ పారాయణానికే పోతోందని మేం తెగ ఏడిపించేవాళ్లం.

తర్వాత ఆ ఆయుధ పూజ వచ్చింది.

దసరా సెలవులకు ముందు మా ల్యాబ్‌లోనే పూజ. మైక్రోస్కోపులకు బొట్లు, చామంతి దండలు. సరస్వతి పటం ముందు పుస్తకాలు పెడతాం. మళ్లీ పూజ చేసి తీసేదాకా వాటిని ముట్టకూడదు. ఆ ఏడు ఎవరో, ఇదీ చదివేదే కదా అని, షీట్ల ఫైల్‌ను కూడా భక్తిగా పటం ముందు పెట్టి దండేశారు.

పూజయ్యాక టెన్త్ అమ్మాయి ఒకతి అల్మారా సర్దుతుంటే సీసా జారి పగిలింది. కాస్టిక్ సోడా నీళ్లు. కళ్లల్లోకి చిమ్మాయి.

ఆ పిల్ల గట్టిగా అరిచింది.

సరోజక్క ఆ పిల్లను లాక్కెళ్లి, ట్యాప్ కింద తల పెట్టి, రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుంది. కాసేపటికి ఏడుపు తగ్గింది. మంట లేదు మేడమ్ అంది పిల్ల. చలికి వణికిపోతోంది. ఇక చాలు, ఆస్పత్రికి పోదామని అందరం అన్నాం.

సరోజక్క మొహం తెల్లగా పాలిపోయింది. "రమేశా, ఫైల్ తియ్యి" అంది నాతో.

పటం పక్కనున్న అటెండర్ నంజప్ప అడ్డమొచ్చాడు. "ఈపొద్దు ముట్టగూడదు సార్. పూజలో ఉండాది."

నా చెయ్యి నిజంగానే ఆగిపోయింది.

"సరస్వతమ్మకు నేను చెప్పుకుంటాలే. నువ్వు తీసి చదువప్పా" అంది సరోజక్క.

లాగాను. దండ తెగింది. కుంకుమ పడ్డ పేజీలు తిప్పి, కాస్టిక్ సోడా షీట్ వెతికి పట్టుకుని గట్టిగా చదివాను. పావుగంటకు తక్కువ కాకుండా కడగాలి. నొప్పి తగ్గిందని ఆపకూడదు.

ఆమె ఆపలేదు. తర్వాత ఆటోలో ఆ షీట్ కూడా మాతో వచ్చింది. డాక్టర్ అది చూసి మళ్లీ కడిగించాడు. ఇంకొంచెం ముందు ఆపి ఉంటే చూపు పోయేదన్నాడు.

ఆ అమ్మాయి ఈ గ్రూపులోనే ఉంది. నిన్న నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

ఆ రోజు ఆస్పత్రి వరండాలో సరోజక్క వాంతి చేసుకుంది. నీళ్లిస్తే తాగి అంది: "మీకందరికీ ధైర్యం ఉండాది రమేశా. ఎవరికో ఒకరికన్నా భయం ఉండల్ల కదా."

తర్వాత ఏ ఆయుధ పూజకూ ఫైల్ పటం దగ్గరికి పోలేదు. తలుపు పక్కన మేకుకే వేలాడింది. బొట్టు మేకుకు పెట్టేవాళ్లం.

నిన్న సాయంత్రం ప్రిన్సిపాల్ ల్యాబ్ తాళాలు నా చేతిలో పెట్టారు. కొత్త టీచర్ వచ్చేదాకా మీరే చూసుకోండి అన్నారు. సోమవారం టెన్త్ వాళ్లకు ప్రాక్టికల్స్.

తలుపు తీశాను. బల్ల మీద కొత్త సీసాల పెట్టె. పెట్టెతో పాటు షీట్లు రాలేదు.

నాకు భయమేసింది. నేను బయాలజీ మనిషిని. ఇన్నేళ్లూ ఆ గదిలో నేను భయపడాల్సిన అవసరం రాలేదు. మా వంతు కూడా ఆమే భయపడింది.

పెట్టె తెరవలేదు. సోమవారం ప్రాక్టికల్స్ ఉండవని ప్రిన్సిపాల్‌కు చెప్పేసి బళేపేటకు ఫోన్ చేశాను.

"మేడమ్ పోయినారంట కదా సార్. ఇంక కాగితాలు ఎందుకు?" అన్నాడు షాపాయన.

"ఇప్పుడు నేను అడుగుతా ఉండాను కదప్పా" అన్నాను.

ఫోన్ పెట్టాక, ఆ ఖాళీ ల్యాబ్‌లో ఆమె స్టూల్ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

వెళ్లిరా అక్కా. మూతలన్నీ చూశాను, అన్నీ బిగించే ఉన్నాయి. ఇక వెనక్కి తిరిగి చూడకుండా హాయిగా నిద్రపో.