ఆవును గొడ్డుమోతు అననివ్వని మా మేనత్త

పెనుకొండలో బస్సు దిగిన మా తమ్ముడు నేరుగా మా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అత్త పోయిందక్కా. పొద్దున పశువులకు తౌడు కలిపొచ్చి, ఆయాసంగా ఉండాదని పండుకునింది. మళ్ళా లేయలేదు" అన్నాడు. పోయిన నెల మాట ఇది.

కనగానపల్లి చుట్టుపక్కల వాళ్ళయితే ఆమెను ఎరిగే ఉంటారు. తక్కినవాళ్ళ కోసం చెబుతున్నాను. ఆమె మా నాయనకు చెల్లెలు. ఊళ్ళోనే ఇచ్చారు కనుక మా ఇల్లు, ఆమె ఇల్లు ఎదురెదురు. పిల్లలు కలగలేదు. నవ్విందంటే వీధి చివరికి వినబడేది. పశువుల కొట్టంలోకి ఒకసారి తొంగిచూసి గానీ అన్నానికి కూర్చునేది కాదు.

ఇది జరిగేనాటికి నాకింకా పెళ్ళి కాలేదు. వరసగా వానలు తప్పిన కాలం. అత్త ఎర్రావు ఒక ఈత ఈని, ఆ తర్వాత ఎదకు రావడమే మానేసింది. మేతకు పోతే పాత గుడ్డలు నమిలేది, ఎముక కనబడితే కరుచుకునేది, ఇంటికొస్తే మట్టిగోడ నాకేది.

"అది గొడ్డుమోతుది. హిందూపురం సంతకు తోలేస్తా" అన్నాడు మామ. చూడి కట్టని ఆవు సంతలో ఎవరి చేతికి పోతుందో అందరికీ తెలుసు.

అత్త చేతిలోని చేట కింద పెట్టింది. ఊళ్ళో జనం ఆమె వెనక అనుకునే మాటా అలాంటిదే. "దాన్ని ఆ పేరుతో పిలవొద్దు. ధర్మవరం ఆస్పత్రిలో చూపించుకొనొస్తా. ఆ తర్వాత నీ ఇష్టం" అంది.

నాయన తోడు వెళ్ళాడు. ధర్మవరంలో పశువుల డాక్టరు ఆవును పరీక్ష చేసి, "గర్భసంచికి ఏ జబ్బూ లేదమ్మా. ఎండుగడ్డితోనే బతుకుతోంది కదా, ఒంట్లో భాస్వరం, సున్నం తగ్గిపోయాయి. గోడలు నాకేది అందుకే. ఉడికించి ఆడించిన ఎముకల పొడి, ఉప్పు దాణాలో కలిపి పెట్టండి. ఒళ్ళు కోలుకుంటే ఎదకు వస్తుంది" అని చెప్పాడట. ఆ పొడి మూట అత్తే నెత్తిన పెట్టుకొని తెచ్చింది.

ఇంట్లో పెద్ద రగడ అయింది. "ఆవుకు ఎముకలు పెడతావా? ఆ చేత్తో నాకు నీళ్ళు గూడా ఇయ్యొద్దు" అంది మామ తల్లి. మామ చేనికి వెళ్ళిపోయాడు. అత్త తన కంచం, చెంబు తీసుకొని కొట్టం వసారాలోకి మారింది. ఆ చలికాలం మొదలుకొని అక్కడే తినేది.

ఆవేమో ఆ వాసనకు మూతి తిప్పుకునేది. అత్త విసుక్కోలేదు. నూనె తీసిన చెనక్కాయ చెక్కను నానబెట్టి, అందులో చిటికెడు పొడితో మొదలుపెట్టి, మెల్లగా అలవాటు చేసింది.

"అందరూ ఇన్ని మాటలంటాంటే నీకు బాధగా లేదా అత్తా?" అని ఒకరోజు అడిగాను.

"యాల ఉండదు? ఉండాది. నన్ను ఏ డాక్టరు దగ్గరికీ ఎవరూ పిల్చుకొని పోలేదు పాపా. దీన్నన్నా నేను తోలుకొనిపోయినా గదా" అంది. తన గురించి ఆమె నాతో అన్నది ఆ ఒక్క మాటే.

తొలకరి ముంగారు వానలు పడేసరికి ఆవు గోడ నాకడం మానేసింది. వెంట్రుక నిగనిగలాడింది. ఒక తెల్లవారుజామున కొట్టంలో అది ఆగకుండా అరుస్తుంటే, మామ పరుగున వచ్చి చూశాడు. ఎదకు వచ్చింది! ఆబోతు దగ్గరికి తానే తోలుకుపోయాడు. మరుసటి ఎండాకాలానికి పెయ్యదూడ పుట్టింది. జున్ను వండిన రోజు మామ తల్లి వసారాలోకి వచ్చి, గిన్నె చాపి, "నీ చేత్తోనే పెట్టమ్మా" అంది. అత్త పెట్టింది. పాత మాటలేవీ ఎత్తలేదు.

ఆ తర్వాత కొత్తచెరువు వైపు నుంచి కూడా ఆడవాళ్ళు ఆమెను అడగడానికి వచ్చేవాళ్ళు. "నేను డాక్టర్ను గాను. అన్నిటికీ ఇదే మందు గాదు. ముందు ఆస్పత్రిలో చూపీండి" అనేది. కొన్ని ఆవులు కోలుకున్నాయి, కొన్ని కోలుకోలేదు. కోలుకోని వాటి సంగతి కూడా దాచకుండా చెప్పేది. ఆమె నా అత్త అని గర్వంగా చెప్పుకోవడానికి నాకు అదీ ఒక కారణమే.

నేను పెనుకొండకు కాపురం వచ్చాక ఇక్కడ పశువుల ప్రదర్శన పెట్టారు. అత్తామామలు ఆవునూ దూడనూ తెచ్చారు. ఎర్రావుకు బహుమతి వచ్చింది. ఆఫీసరు యజమానిని రమ్మంటే మామ కదల్లేదు. "నేను దీన్ని సంతకు తోలబోయినోన్ని సార్. ఆయమ్మను పిలవండి" అన్నాడు, అందరూ వినేలా.

సాయంత్రం మా అరుగు మీద నిలబడి వాళ్ళను సాగనంపాను. కొండ నీడ రోడ్డు మీదికి వాలింది. ముందు అత్త, చేతిలో పలుపు. ఆమె పక్కన ఆవు, చుట్టూ గంతులేస్తూ పెయ్య. వాళ్ళ వెనక, పట్టీ తెగిన ఆమె చెప్పులు చేతపట్టుకొని, మామ.