పెదనాన్న అరగదీసిన అంకెలు

పొద్దున్నే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో చూసి ఒళ్ళు మండిపోయింది. ఎర్ర గుడ్డ మీద మా తణుకు ఇంటి పిస్తోలు. కింద పెదనాన్నగారబ్బాయి రాత: "ముత్తాతగారు తెల్లవాళ్ళ మీద పేల్చిన పిస్తోలు."

మన ఈడువాళ్ళకి గుర్తుందా, వేసవి సెలవుల్లో బీరువా సర్దే పని మనకే పడేది? అలా పదేళ్ళప్పుడు అందులోని ఈ పిస్తోలుకి కొబ్బరినూనె రాసి తుడుస్తుంటే ముద్రలు కనిపించాయి. రెండు తోకల సింహం, పక్కనే తయారైన సంవత్సరం. అది చెకోస్లొవేకియా సైన్యం ముద్రని పెద్దయ్యాక తెలిసింది. గోడ మీది పటంలో ముత్తాతగారు పోయిన సంవత్సరం ఉంది. నాన్నకి రెండూ చూపించాను. "నిజమేనే అమ్మలూ!" అని నవ్వారు.

సంబరంగా పెదనాన్న దగ్గరికి పరిగెత్తాను. "పెదనాన్నా, ముత్తాతగారు పోయిన పాతికేళ్ళకి చేశారండి దీన్ని!"

చెంప ఛెళ్ళుమంది. "ఏంటే ఆ వాగుడు? ఊరంతా నమ్మేది అబద్ధమా?" అంటూ, నా కళ్ళెదుటే ఆకురాయితో ఆ అంకెలు అరగదీసేశారు.

సాయంత్రం నాన్న నన్ను ఆయన ముందు నిలబెట్టారు. "తప్పు చదివానని చెప్పమ్మా."

చెప్పాను. చెంపదెబ్బ ఎప్పుడో మర్చిపోయాను. నాన్న అలా చెప్పించినందుకు మాత్రం కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇదంతా ఇవాళ గ్రూపులో రాశాను. తీసెయ్యమని ఒకటే ఫోన్లు.

తియ్యను.