బయటి పేపరుకు పద్దెనిమిది మార్కులు

మా కాలేజీలో అందరూ దాన్ని బయటి పేపరు అంటారు. బి.ఏ. పిల్లలు చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివితే చాలదు, తమ గ్రూపుతో సంబంధం లేనిది కూడా ఒకటి చదవాలని యూనివర్సిటీ నియమం. మొదటి రెండేళ్లలో పర్యావరణం పేపరు, జెండర్ పేపరు, నైపుణ్యాల పేపరు అయిపోయాక, మూడో ఏట ఇది వస్తుంది. వారానికి రెండు క్లాసులు. చిన్న పేపరే కానీ, అది పాస్ కాకపోతే డిగ్రీ చేతికి రాదు.

పిల్లలు నాలుగు రకాల చదువు చదవాలన్నది మంచి ఆలోచనే. కాకపోతే దాన్ని ఎవరి నెత్తిన రుద్దాలా అన్నదే మా దగ్గర ఎప్పుడూ ఉండే ప్రశ్న. నేను కోరుట్లలో గెస్ట్ లెక్చరర్‌ని, రోజూ జగిత్యాల నుంచి బస్సులో వచ్చిపోతాను. చెప్పేది చరిత్ర. పర్మనెంట్ వాళ్లు వద్దన్నవన్నీ గెస్టుల దగ్గరికే వస్తాయి కాబట్టి బయటి పేపరు నాకొచ్చింది. యూనివర్సిటీ జాబితాలో ఐదారు పేపర్లున్నా మా దగ్గర నడిచేది ఒక్కటే, పర్యాటకం. తిరుపతి దాటి ఎరగని నేను గోవా సముద్రం గురించి చెప్తుంటే పిల్లలు పాపం నవ్వకుండా వినేవాళ్లు.

ఆప్షన్ ఫారాలు పంచేముందే పర్యాటకం ఎదురుగా పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఇస్తాం. వాళ్లు దాని మీద పెన్నుతో దిద్ది సంతకం చేస్తారు. ఇందులో తప్పుందని నాకెప్పుడూ అనిపించలేదు. పైగా పని తేలికైందని సంతోషం.

నాలుగేళ్ల కింద రుద్రంగి నుంచి వచ్చే ఒక అమ్మాయి నా పెన్సిల్ టిక్కును రబ్బరుతో తుడిచేసి, కింద ప్రజారోగ్యం పేపరుకు పెట్టుకుంది. ముందు పొరపాటనుకున్నాను. పిలిచి అడిగితే కావాలనే పెట్టానంది. నాకు ఒళ్లు మండింది. ఆ పేపరు ఎవరు చెప్తారని, ఒక్కదాని కోసం ప్రశ్నపత్రం విడిగా తెప్పించాలా అని గట్టిగానే అన్నాను. ఆమె తల దించుకోలేదు, ఎదురు మాట్లాడలేదు. తండ్రి మస్కట్‌లో ఉంటాడట. తల్లి బీడీలు చేస్తుంది, దగ్గు తగ్గడం లేదు, జగిత్యాలలో ఆసుపత్రులకు తిప్పేది ఈమే.

"డాక్టర్ చెప్పేది నాకు సమజైతలేదు మేడం. ఇంటికి వోయినంక అమ్మకు నేనే చెప్పాలె. గా పేపర్ల గివన్ని ఉంటయట" అంది.

ఏమనను? చదువుకుంటే నువ్వే చదువుకోవాలి, క్లాసులుండవు అన్నాను. సరే అంది. పుస్తకం తనే తెచ్చుకుంది. జువాలజీ మేడం దగ్గరికి వెళ్లి అనుమానాలు అడుగుతోందని తెలిసి, నా మీద పడలేదు కదా అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇంటర్నల్ మార్కుల సంగతి అడిగినప్పుడు మాత్రం పెద్దమనిషి తరహాలో, అది నేను చూసుకుంటానని మాటిచ్చాను.

ఇంటర్నల్ అంటే ఇరవై మార్కులకు ఒక ప్రాజెక్టు. పిల్లలు జిరాక్స్ షాపుకు వెళ్లి, పోయినేటి వాళ్లదే పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి తెస్తారు. అట్టలన్నీ ఒకే నీలం. నేను వాటిని తెరవను. బల్ల మీద దొంతర పెట్టుకుని, వచ్చిన వాళ్లకు పద్దెనిమిది, ఆలస్యంగా వచ్చిన వాళ్లకు పదిహేడు వేసుకుంటూ పోతాను. ఆ అమ్మాయిది మాత్రం నోటుబుక్కు కాగితాల మీద చేత్తో రాసింది. బీడీలకు చుట్టే దారంతోనే కుట్టుకొచ్చింది. పట్టుకుంటే పొగాకు వాసన. దాన్నీ తెరవలేదు. పద్దెనిమిది వేశాను.

మార్కుల షీట్లకు గీతలు కొట్టే పని కూడా మేం పిల్లలకే చెప్తాం. తన పేపరు వేరు కాబట్టి తన షీటు తనే గీసి, తన హాల్ టికెట్ నంబరు రాసి ఇచ్చింది. నేను అంకె వేసి సంతకం పెట్టాను. ప్రిన్సిపాల్ సంతకం మిగిలింది. ఆయన ఆ రోజు సెలవు. రేపు చేయిద్దామని హాజరు రిజిస్టరు అట్టలోపల పెట్టాను. మర్నాడు పర్యాటకం కట్ట యూనివర్సిటీకి పోయింది. ఆ ఒక్క షీటు రిజిస్టర్లోనే ఉండిపోయింది. మర్చిపోయాను. దీనికి ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

ఫలితాలొచ్చాయి. బయటి పేపరు రాతపరీక్షలో ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్నల్ దగ్గర ఆబ్సెంట్ అని ఉంది. ఆబ్సెంట్ అంటే పేపరు ఫెయిల్, పేపరు ఫెయిలైతే డిగ్రీ లేదు. అప్పటికే ఆమెకు జగిత్యాలలో బి.ఎడ్. సీటు వచ్చి ఉంది. ఇల్లు, తల్లి, ఆసుపత్రి అన్నీ చూసుకుంటూ చదవగలిగిన ఒకే ఒక్క సీటు. సర్టిఫికెట్లు చూపించడానికి పది రోజులు గడువు.

మెమో పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. పంపిన తేదీ చూద్దామని నేను ధీమాగా రిజిస్టరు తెరిచాను. అట్టలోంచి ఆ షీటు సగం బయటికొచ్చింది. ఠక్కున మూసేశాను.

అప్పుడు నేను చేయవలసింది ఒక్కటే. ఆలస్యానికి బాధ్యత నాదని ఒక ఉత్తరం రాసి, షీటు జతచేసి, ఎవరితోనైనా యూనివర్సిటీకి పంపితే నాలుగైదు రోజుల్లో సరిచేసేవాళ్లు. అలాంటివి చేశారని నాకు తెలుసు. కానీ అది గెస్టులను మళ్లీ తీసుకోవాలా వద్దా అని తేల్చే నెల. తప్పు నాదేనని రాసిన కాగితం నా ఫైల్లో చేరితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. కాబట్టి ఆమె మొహం చూడకుండా ఇలా అన్నాను.

"నేనైతే పంపిన. వాళ్లే ఎక్కియ్యలేదు."

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పరిశీలించగలరు అని ప్రిన్సిపాల్ పేరు మీద ఒక మొక్కుబడి ఉత్తరం రాయించి పంపాను. దానికి జవాబు రాదని రాస్తున్నప్పుడే తెలుసు. ఆమె రోజూ వచ్చి అడిగేది. నేను రోజూ యూనివర్సిటీ వాళ్లను తిట్టేదాన్ని. ఆమెకంటే నేనే ఎక్కువ కోపం చూపించాను. పదో రోజు గడిచాక రావడం మానేసింది. నన్ను మళ్లీ గెస్టుగా తీసుకున్నారు.

మరుసటేడు జూనియర్లతో పాటు ఆమె ఇంటర్నల్ మళ్లీ పంపాం. అప్పుడూ పద్దెనిమిదే. డిగ్రీ వచ్చింది. కానీ ఆలోపు తండ్రి ఒంట్లో బాగాలేక మస్కట్ నుంచి వచ్చేశాడని, ఆమె సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో చేరిందని జువాలజీ మేడం చెప్పింది. నేను అయ్యో అన్నాను.

మొన్న ఎండాకాలం పరీక్షల డ్యూటీ మీద సిరిసిల్ల వెళ్లాను. మధ్యాహ్నం బస్టాండులో జగిత్యాల బస్సు కోసం కూర్చుంటే, మెడలో కంపెనీ ఐడీ కార్డుతో ఆమె వచ్చి పక్కన నిలబడింది. మొహం చాటేద్దామంటే చోటు లేదు. బాగున్నారా మేడం అని తనే పలకరించింది. ఈ యేడు బి.ఎడ్. ఎంట్రన్స్ మళ్లీ రాసిందట. తల్లి దగ్గు ముదిరిందట. నేను ఆనాడు యూనివర్సిటీ వాళ్లు నీకు చాలా అన్యాయం చేశారు అన్నాను. మూడేళ్లయినా అదే పాట.

ఆమె బస్సుల వైపు చూస్తూ అంది.

"రిజిస్టర్ల నా షీటు కనవడ్డది మేడం, గా దినమే. నా నంబరు, పక్కకు పద్దెనిమిది. మీరే చెప్తరేమో అని పది రోజులు అచ్చిన."

తిట్టినా బాగుండేది. మరి నువ్వెందుకు అడగలేదని ఎలాగో అన్నాను. అడిగితే మీ నౌకరి పోతుందని అందరూ అన్నారని చెప్పింది. తప్పయింది అన్నాను, మెల్లగా, పక్కన కూర్చున్నవాళ్లకు వినపడకుండా. అది కూడా అంత మెల్లగానే చెప్పగలిగాను. ఆమె సరేనన్నట్టు తల ఊపి, అసలు తను వచ్చిన పని వేరే అంది. తన ప్రాజెక్టు ఇంకా కాలేజీలో ఉందా అని అడిగింది. అందులో తల్లి దగ్గు ఏ యేడు మొదలైంది, ఏ కాలంలో పెరిగింది, ఏ మందుకు ఎన్నాళ్లు తగ్గింది, అన్నీ తల్లిని అడిగి వరుసగా రాసుకుందట. ఇప్పుడు కొత్త డాక్టర్ అవన్నీ అడుగుతున్నాడు. తల్లికి ఏదీ గుర్తులేదు.

ఏడాది చివర ప్రాజెక్టులన్నీ పాత పేపర్లవాడికి వేసేస్తాం. దాన్నీ వేశాం. ఆ మాట చెప్పాను.

ఆమె మొహంలో మొదటిసారి కంగారు కనిపించింది. ఓర్పుగానే అడిగింది.

"మీరు సదివిన్రు గద మేడం, ఎప్పటిసంది అని రాసిన్నో జర యాదికున్నదా?"

అబద్ధం చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. చదవలేదమ్మా అన్నాను.

జగిత్యాల బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. నేను లేవలేదు. ఆమె నన్నే చూస్తోంది. కోపంగా కాదు, క్లాసులో అర్థం కానిది అడిగే పిల్లలా.

"మరి పద్దెనిమిది ఎట్లేసిన్రు?"