నీలం డబ్బా ఆఖరు

మా ఆల్బం గురించి ఎక్కడో దూరదేశంలో ఒకాయన రాశాడు. ఇందులోని ఆడగొంతు సమాధుల అవతలి నుంచి వస్తోందట, చనిపోయినవాళ్లను ఒక్కొక్కరినే వరసగా పిలుస్తోందట. ఆయన్ని తప్పుపట్టలేం. ఆ గొంతు పిండిమరలో మోటారు వెనక నుంచి వచ్చిందని, అది మా మేనత్తదని ఆయనకు ఎవరు చెప్పాలి? ఆమె పిలిచింది చనిపోయినవాళ్లను కూడా కాదు. డబ్బాలను.

అత్తకు యాభై మూడేళ్లు. కనుబొమల్లో ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. మెట్లెక్కేటప్పుడు ఎడమ మోకాలు చప్పుడు చేస్తుంది, దిగేటప్పుడు చెయ్యదు. ఎందుకో డాక్టరు చెప్పలేకపోయాడు, అత్త అడగడం మానేసింది. మరలో మొదట మామయ్య పనిచేసేవాడు. ఆయన పోయిన నెలకు ఆమె వెళ్లి ఆ ఇనుప చక్రం దగ్గర నిలబడింది. నాలుగు రోజులు చూద్దాంలే అన్నాడట యజమాని. ఆ నాలుగు రోజులకు ఇరవై రెండేళ్లు నిండాయి.

మరలో ఉండేవి రెండు రాళ్లు. కిందిది కదలదు, పైది తిరుగుతుంది. మధ్య సందు వెంట్రుకవాసి ఎక్కువైతే పిండి రవ్వలా పడుతుంది, తక్కువైతే రాళ్లు వేడెక్కి పిండి మాడుతుంది. ఆ సందు సర్దడానికే చక్రం. మామూలువాళ్లు పిండిని వేళ్లతో నలిపి చూసి చక్రం తిప్పుతారు, అప్పటికి సగం డబ్బా పాడైపోయి ఉంటుంది. అత్త పద్ధతి వేరు. రాయి మూలుగుతుంటే ఆ మూలుగు పక్కనే తనూ ఒక స్వరం పడుతుంది. రెండూ పొసగకపోతే చెవిలో ఒక వణుకు పుడుతుంది. ఆ వణుకు పోయేదాకా చక్రం తిప్పుతుంది. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. మామయ్యకు కూడా వచ్చేది కాదు.

ఊరికే ‘ఆ’ అంటూ కూర్చోవడం ఆమెకు దండగ అనిపించింది. అందుకని ఆ స్వరంలోనే ఆ పూట వరసలో ఉన్న డబ్బాలను పాడేది. మూత లేనిది పళ్ల డాక్టరుది, సొట్టది మూడో అంతస్తుది, తాడు కట్టింది టైలరుది, ఇలా. ఎవరి తర్వాత ఎవరో మరిచిపోకుండా ఉండటానికి. ప్రతి వరసా చివర ఒకే మాట: నీలం డబ్బా, నీదే ఆఖరు. ఆ నీలం డబ్బాను ఏడేళ్ల కింద ఎవరో తెచ్చి, తర్వాత వస్తామని చెప్పి, రాలేదు. గోధుమలు పురుగు పడితే అత్త పారబోసి, డబ్బా కడిగి, కిటికీలో పెట్టింది. వరసలోంచి మాత్రం తియ్యలేదు. తీస్తే వరస కుంటుతుందంటుంది.

మర హోరు మీద తన గొంతు తనకు వినపడాలంటే అది ఎంత పైకి వెళ్లాలో ఊహించుకోండి. చిన్నప్పుడు స్నేహితులతో బడి నుంచి వచ్చేటప్పుడు ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వచ్చేవాణ్ణి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజినీరింగ్ రెండో ఏడు మానేశాను. ఎందుకని అడిగిన ప్రతివాడికీ ఒక్కో కారణం చెప్పాను, అన్నీ నిజమే. తర్వాత ముగ్గురం కలిసి బ్యాండు పెట్టాం. గిటారు నాది, డ్రమ్ములు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడివి, కీబోర్డు లెక్కల ట్యూషన్ మాస్టారిది. మేం వాయించేదాన్ని సింఫనిక్ గోతిక్ మెటల్ అంటారు. గిటార్లు ఉరుముతుంటాయి, కీబోర్డు తనే వందమంది వయొలిన్లవాళ్లయినట్టు నటిస్తుంది, వీటి మీద ఒక ఆడగొంతు పాడుబడ్డ కోటలో దీపం పట్టుకుని తిరుగుతున్నట్టు తేలాలి. ఎనిమిది పాటలు రాసుకున్నాం. ముగ్గురిలో ఎవడూ కోట చూసినవాడు కాదు. గాయనిగా ముగ్గురమ్మాయిలు వచ్చి వెళ్లారు. ఆఖరి అమ్మాయి గొంతు తేనె. అదే ఇబ్బంది. ఆమె చావు గురించి పాడితే వింటున్నవాళ్లకు నిద్ర వచ్చేది.

ఆ రోజుల్లోనే యజమాని అత్తను పిలిచాడు. మర వెనక కొత్తగా అపార్టుమెంట్లు లేచాయి. అక్కడివాళ్లు వచ్చి, మీ మరలో రోజూ ఎవరు పోతున్నారండీ అని అడుగుతున్నారట. ఒకటో తారీకు నుంచి పాట వినపడితే ఇంకో మనిషిని చూసుకుంటానని తేల్చి చెప్పేశాడు.

అత్త మా ఇంటికి వచ్చి, వంటింటి గడప మీద కూర్చుంది.

“నోరు మూసుకుంటే రాయి సంగతి నాకెలా తెలుస్తుందిరా? ఈ వయసులో ఇంకో మర దగ్గరికి నన్నెవడు రానిస్తాడు?”

నేను ఆలోచించింది ఆమె గురించి కాదు, మా ఎనిమిది పాటల గురించి. అది ఒప్పుకుంటాను. మా ఆల్బంలో పాడమన్నాను, నలుగురూ మెచ్చుకుంటే ఆయనే నోరు మూసుకుంటాడన్నాను. నిజంగా మూసుకుంటాడా అని అడిగింది. కచ్చితంగా అన్నాను. నాకు కచ్చితంగా తెలిసిందల్లా మాకు గాయని లేదని.

స్టూడియో అంటే డ్రమ్ములవాడి షాపు పైగది, గోడల నిండా గుడ్ల అట్టలు. అత్తకు హెడ్‌ఫోన్లు పెట్టి, తలుపులు మూసి, సైగ చేశాం. ఆమె నోరు తెరిచి, మళ్లీ మూసింది. అటూ ఇటూ చూసింది.

“రాయి ఏదిరా?”

“రాయి లేకుండానే, అత్తా.”

“మరి దేనితో కలిపి పాడను? నీ తలకాయతోనా? అది గట్టిదే గానీ మోగదు.”

లెక్కల మాస్టారు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు. ఇక చేసేదిలేక మైకునే మరకు మోసుకెళ్లాం. మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళితే రెండు గంటలు రాడు. అలా ఎనిమిది మధ్యాహ్నాలు. నేను రాసిన పాట కాగితాన్ని అత్త కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివింది. కోట ఉంది, చంద్రుడున్నాడు, నెత్తుటి గులాబీ ఉంది, ఎవరి డబ్బా ముందో మాత్రం ఎక్కడా రాయలేదేమని అడిగింది. కాగితం మడిచి కుంటుతున్న బల్ల కాలు కింద పెట్టింది. తన డబ్బాలే పాడింది. ఎనిమిది మధ్యాహ్నాలు, ఎనిమిది వరసలు. వాటి చుట్టూ మేం ఉరుములూ వయొలిన్లూ కట్టాం. డ్రమ్ములవాడు పిండికి తుమ్మిన తుమ్ము ఒకటి మూడో పాటలో ఉండిపోయింది. దూరదేశం ఆయన దాన్ని కొరడా దెబ్బ అన్నాడు.

ఆల్బం ఇంటర్నెట్‌లో పెట్టిన కొద్దిరోజులకు యజమాని కూతురు దాన్ని పట్టుకుంది. కాలేజీలో చదువుతోంది, బట్టలు నలుపు, గోళ్లు నలుపు, పెదాలు కూడా నలుపే. పాడింది వాళ్ల మరలో మనిషని తెలిసేసరికి తనలాంటివాళ్లను ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. నల్లగా లోపలికి వెళ్లిన ఎనిమిదిమందీ తెల్లగా బయటికి వచ్చారు. అత్త ఊరుకోలేదు, ఖాళీగా నిలబడ్డారు కదా, ఆ గోనెసంచి కాస్త పట్టుకోండి అంది. వాళ్లు గుడిలో హారతి పళ్లెం పట్టుకున్నంత భక్తిగా పట్టుకున్నారు.

యజమాని ముఖం వెలిగిపోయింది. ఒకటో తారీకు పొద్దున ఒక పెద్ద స్పీకరు తెచ్చి తొట్టి పక్కన పెట్టించాడు. “నీకెందుకమ్మా శ్రమ, నీ గొంతే కదా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే పాడుతుంది. నువ్వు నోరు మూసుకుని పని చూసుకో” అన్నాడు. తన మాటా నెగ్గింది, మరకు పేరూ వచ్చింది. అపార్టుమెంట్లవాళ్లు కూడా మళ్లీ రాలేదు. మనిషి పాడితే ఏడుపట, స్పీకరు పాడితే కళట.

నేను ఊరంతా చెప్పుకుని తిరిగాను. తర్వాత మూడు రోజుల్లో ఏం జరిగిందంటే, మొదటి రోజు పిండి మాడింది. రెండో రోజు రవ్వలా పడింది. మూడో రోజు పళ్ల డాక్టరు గోధుమలు టైలరు ఇంటికీ, టైలరు బార్లీ డాక్టరు ఇంటికీ వెళ్లాయి. స్పీకరు హోరులో అత్తకు రాయి వినపడదు. పైగా అందులో తన గొంతే ఎప్పటి వరసో పాడుతుంటే, చెయ్యి దానంతటదే ఆ వరసలో డబ్బా అందుకునేది. ఇరవై రెండేళ్లలో చెయ్యని తప్పులు మూడు రోజుల్లో చేసింది. శనివారం దాకా చూస్తానన్నాడు యజమాని.

అత్త నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“ఆ పెట్టెలో దాన్ని ఆపించరా. అది నాకంటే గట్టిగా పాడుతోంది” అంది.

భూమ్మీద మా ఆల్బం ఆగకుండా మోగుతున్న ఒకే ఒక్క చోటుకు, దాన్ని ఆపించడానికి శనివారం పొద్దున్నే వెళ్లాను. యజమాని నన్ను ఎగాదిగా చూశాడు.

“నీ పాట నువ్వే ఆపమంటావా? బుద్ధుందా?”

“లేదండీ, ఉంటే కాలేజీలోనే ఉండేవాణ్ణి. మీ ఇంటి గోధుమలే ఒక డబ్బా తెప్పించండి. సగం మీ పెట్టె పాడుతుండగా ఆడిద్దాం, సగం మా అత్త పాడుతుండగా.”

ఇంటి గోధుమలు అనేసరికి ఆలోచనలో పడ్డాడు. తెప్పించాడు. మొదటి సగం మాడింది, వాసన వీధిదాకా వెళ్లింది. తర్వాత స్పీకరు ఆపారు. అత్త చక్రం మీద చెయ్యి వేసి గొంతు విప్పింది. జీర. మూడు రోజులు మూసిపెట్టిన గొంతు, పైగా వేడెక్కి రాయి మూలుగే మారిపోయింది. ఆమె స్వరం ఎటు వెళ్లినా రాయి మూలుగు ఇంకోవైపు జరుగుతోంది. పిండి గరుగ్గానే పడుతోంది. యజమాని గడియారం చూసుకున్నాడు. ఎనిమిది పాటలకు ఆశపడి ఆమె కూడు పోగొట్టానని నాకు మొదటిసారి సరిగ్గా అర్థమైంది.

అత్త పాడటం ఆపింది. కళ్లు మూసుకుని కాసేపు రాయినే వింది. ఈసారి కింద నుంచి, చాలా కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వచ్చింది. చక్రం పావు వంతు తిప్పింది. ఇంకొంచెం. వణుకు ఎక్కడ ఆగిపోయిందో ఆల్బం చేసినవాణ్ణి, నాకు కూడా తెలిసింది.

యజమాని పిండి తీసుకుని ముందు వాసన చూశాడు, తర్వాత వేళ్ల మధ్య నలిపాడు, మళ్లీ నలిపాడు. తనే వెళ్లి స్పీకరు ప్లగ్గు పీకి, వైరు చేతికి చుట్టుకున్నాడు.

“గోడవైపు తిరిగి పాడుకో” అన్నాడు పోతూ పోతూ. అపార్టుమెంట్ల ముందు పరువు దక్కాలి కదా.

అత్త గోడవైపు తిరిగింది. ఆ గోడకే కిటికీ ఉంది. ఏడేళ్లుగా దానికి వీపు పెట్టి పాడింది, ఇప్పుడు ఎదురుగా నిలబడింది. మూత లేనిది, సొట్టది, తాడు కట్టింది, యజమాని ఇంటిది. తర్వాత కాస్త ఊపిరి తీసుకుని, కిటికీలోకి చూస్తూ, నీలం డబ్బా, నీదే ఆఖరు, అంది.