రాయి ఆరేదాకా

మా కోడలి పార్లర్‌లో రాళ్లు కడిగేది నేనే. రాళ్లంటే గోడకు పెట్టేవి కావు. ముఖానికి నూనె రాసి చెంపల మీద, దవడ మీద మెల్లగా జరిపే నున్నటి మసాజ్ రాళ్లు. ఏదైనా పెళ్లిలో పక్కన కూర్చున్నవాళ్లతో ఈ మాట అంటే చాలు, వాళ్ల కళ్లలో జాలి కనబడుతుంది. ఈ వయసులో అత్త చేత చాకిరీ చేయించుకుంటోందని మా కోడలి మీద లోపల్లోపల కోపం కూడా తెచ్చుకుంటారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వంచిన తల ఎత్తకుండా ఇరవై ఎనిమిదేళ్లు చేసిన పని నాది. జహీరాబాద్‌లో ముఖానికి తగిలే రాయిని నాకంటే శుభ్రంగా కడిగే మనిషి ఉంటే తీసుకొచ్చి చూపించమనండి, ఆ మనిషికి చాయ్ పోసి మరీ నేర్చుకుంటాను.

పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనికి కుదిరాను. ఊడ్చడం, తుడవడంతో మొదలుపెట్టి సామాను గది దాకా వెళ్లాను. కట్లు కట్టే కత్తెరలు, ఫోర్సెప్సులు, ట్రేలు కడిగి, ఉడికించి, మూత పెట్టి ఇవ్వడం అక్కడ నా పని. నేర్పింది బీదర్ దిక్కు నుంచి వచ్చిన పెద్ద సిస్టర్. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ముందు సబ్బు, తర్వాతే మందు, ఇదొక్కటే ఆమె పాఠం. మురికి ఉన్న వస్తువును ఎంత ఘాటు మందులో ముంచినా మందు మురికి దగ్గరే ఆగిపోతుందని, దాని కింద క్రిమి హాయిగా కూర్చుని ఉంటుందని చెప్పేది.

ఒకరోజు జనం కిటకిటలాడుతున్నారు. రాయికోడ్ దిక్కు నుంచి ఒక కూలీ మనిషి పత్తి చేలో కాలు తెగి వచ్చింది. చినిగిన చీర, మట్టి కాళ్లు. నాకు పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు. ఎవరు చూస్తారులే అనుకుని కత్తెరను సబ్బుతో తోమకుండా నేరుగా మందునీళ్లలో ముంచి ట్రేలో పెట్టాను. సిస్టర్ ట్రే అందుకోలేదు. నా ముఖంలోకి చూసి, "ఆమెది కాలు కాదా?" అంది. అంతే. తిట్టలేదు, డాక్టరుకు చెప్పలేదు. నేను వెళ్లి మళ్లీ కడిగి తెచ్చాను. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పుకోలేదు. సిగ్గు.

మోకాళ్లు మొరాయించాక పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. ఆ తర్వాత మా కోడలు ముందు గదిలో పార్లర్ పెట్టింది. కోహీర్ పిల్ల, ఆరు నెలలు హైదరాబాద్ వెళ్లి పని నేర్చుకుని వచ్చింది. చేతిలో పనితనం ఉంది, మాటలో మెత్తదనం ఉంది. మొదటి ఏడాది కనుబొమలు తీయించుకునేవాళ్లే వచ్చేవాళ్లు. అప్పుడు తెప్పించింది ఆ రాళ్లను. ఒకటి అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ పలక. రెండోది గులాబీ రంగు రోలర్, ఇత్తడి రంగు తీగకు గుచ్చిన గుండ్రాయి, పిడి పట్టుకుని దొర్లిస్తే గిరగిరా తిరుగుతుంది.

ఒక మధ్యాహ్నం కోడలు పుట్టింటికి వెళ్లింది. బల్ల మీద రాళ్లు జిడ్డోడుతూ కనబడ్డాయి. నా చేతులు ఊరుకుంటాయా? గిన్నెలో నీళ్లు పోసి, రెండు రాళ్లూ వేసి, దవాఖానలో కత్తెరలు ఉడికించినట్టు పొయ్యి మీద పెట్టాను. కోడలు వచ్చేసరికి తళతళలాడుతుంటాయని సంబరపడ్డాను కూడా. కాసేపటికి గిన్నెలో టక్కుమని శబ్దం. మూత తీస్తే గుండ్రాయి నిలువునా రెండు చెక్కలైంది. అతికించిన బంక ఊడి తీగ గిన్నె అడుగున పడి ఉంది. పలకకు ఏమీ కాలేదు, అది దాని అదృష్టం.

సాయంత్రం కోడలు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ నాలుగు మాటలనేదాన్ని, అక్కడితో తేలిపోయేది. ఆమె ఆ చెక్కల వంక చూసి నెమ్మదిగా అంది, "అత్తమ్మా, రేపటి సంది మీరు పార్లర్ సామాను ముట్టకున్రి. టవల్స్ మడతవెడితే చాలు."

ఆ మాట నన్ను కోసేసింది. ఊళ్లో డాక్టర్లు నా చేతి ట్రే అనగానే మూత తీసి చూడకుండా తీసుకునేవాళ్లు. అలాంటి చేతికి ఇప్పుడు తువ్వాళ్లు. ఆ రాత్రి అన్నం సయించలేదు. తప్పు నాదేనని తెలుసు, అందుకే ఇంకా ఎక్కువ మండింది.

విరిగిన రాయిని పారేయబుద్ధి కాలేదు. మర్నాడు పెరట్లో కూర్చుని చెక్కలను వెలుతురులో తిప్పి చూశాను. తీగ దూరే రంధ్రంలో నల్లటి జిడ్డు, దాంట్లో ఇరుక్కున్న దూది పోగులు, ఎవరిదో సన్నటి వెంట్రుక. అంతసేపు ఉడికినా అది వదల్లేదు. పైకి చూస్తే అద్దంలా మెరిసే రోలర్, కడుపులో పెట్టుకుని తిరుగుతున్నది ఇది. కొని నాలుగు నెలలు కూడా కాలేదు. ఎంతమంది చెంపల మీద దొర్లిందో.

ఇక నాకు పని దొరికింది. ఒక చెక్కను ముక్కలు చేసి, ఒక ముక్కను పాత్రలు తోమినట్టు చింతపండుతో తోమాను, దానికి అంటుకుని ఉన్న లోహపు ముక్క రంగు మారింది. తీగను బ్లీచింగ్ నీళ్లలో పెడితే తుప్పు పట్టింది. ఇంకో ముక్కను ఎండలో వదిలేస్తే రోజులు గడిచేకొద్దీ గులాబీ రంగు పాలిపోయింది. గోరువెచ్చటి నీళ్లు, ఘాటు లేని సబ్బు, మెత్తటి బ్రష్ మాత్రం రాయికి ఏ హానీ చేయలేదు. మెడికల్ షాపులో డెబ్బై శాతం స్పిరిట్ తెచ్చి, కడిగి ఆరబెట్టిన ముక్కకు పట్టించి చూశాను, మెరుపు పోలేదు. అన్నీ తెలిసి కూడా నోరు మెదపలేదు. అడగనిదే చెప్పేంత చవక మనిషిని కాను. రంధ్రంలో జిడ్డు కనబడే రెండో చెక్కను మాత్రం కడగకుండా కాగితంలో చుట్టి అలమరలో దాచాను.

తెర వెనక కూర్చుని తువ్వాళ్లు మడతపెడుతూ చూస్తుండేదాన్ని. ఒకరి ముఖం అయిపోగానే కోడలు తడి కాగితంతో రాయిని ఒక్క తుడుపు తుడిచి పక్కన పెట్టేది. ఒకసారి ఉండబట్టలేక, "గంతేనా?" అన్నాను. "గంతే అత్తమ్మా. రాయే గదా, దానికేమైతది?" అంది.

ఒకరోజు ఝరాసంగం నుంచి ఒక పెళ్లికూతురు, ఆమె తల్లి షేర్ ఆటో దిగి వచ్చారు. రెండు రోజుల్లో పెళ్లి. కోడలికి మొదటి పెళ్లి పని. పిల్ల ముఖం మీద మచ్చ లేదు, సిగ్గుతో తల వంచుకుని కూర్చుంది. ఆమెకంటే ముందు బజారులో బట్టల షాపు వాళ్ల ఇల్లాలు కుర్చీలో ఉంది. ఆమె దవడ దగ్గర చీము పట్టిన మొటిమ. కోడలు కొత్తగా కొన్న రోలర్, పాత పలక రెండూ వాడింది. పుండున్న చోట రాయి పెట్టనే కూడదని అప్పుడు నాకూ తెలియదు. తెర సందులోంచి చూస్తుండగానే మొటిమ చితికి చీము పలక అంచుకు అంటింది. ఆ ఇల్లాలు వెళ్లిపోయింది. కోడలు తడి కాగితంతో తుడిచి, పెళ్లికూతురి వైపు తిరిగింది.

నేను లేచాను. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలియదు.

"జర ఆగు బిడ్డా," అని చెయ్యి పట్టుకున్నాను.

కోడలి ముఖం ఎర్రబడింది. "అత్తమ్మా, ముట్టకున్రి అని చెప్పిన గదా," అంది గొంతు తగ్గించి.

"చెప్పినవ్. గిదొక్కటి చూసి మళ్ల చెప్పు."

అలమరలోంచి కాగితం పొట్లం తెచ్చి అందరి ముందే విప్పాను. రంధ్రంలో నల్లటి జిడ్డును కోడలు చూసింది, పెళ్లికూతురు కూడా మెడ చాచి చూసింది. పిల్ల చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. తల్లి సంచి సర్దుకుని లేచి నిలబడింది.

"వద్దమ్మా, మేం వేరే తాన చేయించుకుంటం," అంది.

కోడలు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఒక్క నిమిషంలో ఆమె పేరు, కష్టం, అప్పుడే మొదలవుతున్న పెళ్లి పనులు అన్నీ ఆ గడప దాటి వెళ్లిపోతున్నాయి. గడప దాటిస్తున్నది సొంత అత్త. పొట్లాన్ని బల్ల మీద పెట్టి తల్లి వైపు తిరిగాను.

"ఏడికన్న పోన్రి అమ్మా, తప్పు లేదు. ఆడ కూడ రాయి ఎట్ల కడుగుతరో అడిగి కూసోన్రి. ఈడనైతే మీ కండ్ల ముందటనే కడుగుత. చూసినంక మనసొప్పకుంటే అప్పుడు లేవున్రి."

తల్లి ఏదో అనబోయింది. అప్పటిదాకా నోరు విప్పని పెళ్లికూతురు, "కూసోవే అమ్మా, చూద్దం," అంది.

రోలర్‌ను పక్కన పెట్టేశాను. లోపల చెయ్యి పెట్టి కడగలేనిదాన్ని కడిగానని చెప్పలేను. పలకను వేలితో తడిమి చూశాను, పగులు లేదు, గీత లేదు. ముందు నా చేతులు మోచేతి దాకా కడుక్కున్నాను. గోరువెచ్చటి నీళ్లలో సబ్బు వేసి, బ్రష్‌తో రెండు వైపులా, అంచు వంపు దగ్గర మరికాస్త ఎక్కువగా రుద్దాను. సబ్బు జారు పోయేదాకా నీళ్లు పోసి కడిగాను. ఉతికిన బట్టతో తడి లేకుండా ఒత్తాను, ఎందుకంటే నీళ్లు నిలిచిన చోట స్పిరిట్ పలచబడిపోతుంది. గూట్లో వెలుగుతున్న అగరువత్తిని ఆర్పమని కోడలికి చెప్పాను. స్పిరిట్ పక్కన నిప్పేమిటి? ఆమె వెళ్లి ఆర్పింది. అప్పుడు దూదితో రాయంతా తడిసేలా స్పిరిట్ పట్టించి, శుభ్రమైన బట్ట మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"తుడవవా అమ్మా?" అంది పెళ్లికూతురి తల్లి.

"తుడిస్తే ఏం ఫాయిదా? అది తడిగ ఉన్నంతసేపే పని చేస్తది. దానంతట అదే ఆరాలె."

రాయి మీద తడి అంచుల నుంచి మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో నేను చేసిన పనిని అలా కళ్లార్పకుండా చూసినవాళ్లు లేరు. సామాను గదిలోకి ఎవరొస్తారు? ఆ రోజు ముగ్గురు ఆడవాళ్లు చూశారు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

చివరికి కోడలే అడిగింది, "ఆరిందా అత్తమ్మా?"

పెళ్లి రోజు మేకప్‌కు కూడా ఆ తల్లే ఫోన్ చేసి పిలిచింది. కోడలు వెళ్లి వచ్చి, పిల్ల ముఖం మీద చిన్న పొక్కు కూడా లేదని రెండుసార్లు చెప్పింది. రెండోసారి నాకు వినబడాలనే చెప్పిందని నాకు తెలుసు. నన్ను మెచ్చుకోవడం ఆమెకు రాదు, ఆమెను మెచ్చుకోవడం నాకూ రాదు. అందుకే ఒక ఇంట్లో నెగ్గుకొస్తున్నాం.

ఇప్పుడు పార్లర్‌లో రోలర్లు లేవు, పలకలే ఉన్నాయి. కడగాల్సినవి ఎర్ర డబ్బాలో, కడిగినవి మూతున్న తెల్ల డబ్బాలో. తరచూ వచ్చేవాళ్లకు ఎవరి రాయి వాళ్లదే, గుడ్డ సంచికి కట్టిన రంగు దారమే గుర్తు. కింద పడి పగిలితే ఎంత ముద్దొచ్చే రాయైనా చెత్తలోకే. మొటిమ చితికినా, పెదవి మీద పుండున్నా ఆ రోజు రాయి లేదు, కోడలే నవ్వుతూ వెనక్కి పంపుతుంది. మొన్న దసరాకు ఆయుధ పూజలో రాళ్లకు పసుపు కుంకుమ పెట్టబోతుంటే ఆపాను. డబ్బాకు పెట్టు బిడ్డా, రాయికి వద్దు, రేపు అది ముఖాల మీదికి పోవాలి అన్నాను. డబ్బా మూత మీద ఆ బొట్టు ఇంకా ఉంది.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఎవరూ లేరు. కోడలు కుర్చీ దులిపి, "కూసోన్రి అత్తమ్మా, ఇయ్యాల మీకు చేస్త," అంది. నాకెందుకు అన్నాను. వినలేదు. అద్దం ముందు ఆ కుర్చీలో కూర్చోవడం నాకదే మొదటిసారి. తెల్ల డబ్బాలో రాళ్లు అయిపోయాయి, పొద్దున వాడినవన్నీ ఎర్ర డబ్బాలోనే ఉన్నాయి. కడగాల్సింది నేనే, బద్ధకించాను.

"నా మొకానికే గదా," అన్నాను, "బట్టతోని తుడిచి కానియ్యి."

కోడలు ఎర్ర డబ్బాలోంచి ఒక పలక తీసుకుంది. బట్ట అందుకోలేదు. కొళాయి వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అంది.

"మీది మొకం కాదా అత్తమ్మా?"

బీదర్ సిస్టర్ మాట నేనెప్పుడూ ఆమెకు చెప్పలేదు. కొళాయి చప్పుడు వినబడింది, తర్వాత బ్రష్ చప్పుడు, తర్వాత స్పిరిట్ వాసన వచ్చింది. ఆమె వచ్చి నా పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. రాయి ఆరేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ ఉన్నాం.